తూములపాలెం నుంచి బడికి ఎంత దూరం

మండల విద్యాశాఖాధికారిగా ఈ మధ్యే చేరిన అమ్మాయి ఒకామె మొన్న రాజమండ్రిలో మా ఇంటికి వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లే. కాఫీ తాగాక, "మేడం, ఈ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన పని ఏంటండీ?" అని అడిగింది. బడుల తనిఖీ అనో, టీచర్ల సర్దుబాటు అనో చెబుతానని అనుకుని ఉంటుంది. "బడికి బస్సు ఎవరికి కావాలో, ఎవరికి అక్కర్లేదో తేల్చే జాబితా" అన్నాను. నవ్వింది. ఆ నవ్వు చూశాకే ఇది రాయాలనిపించింది.

నేను ఎక్కువ కాలం సోషల్ టీచరుగా పనిచేశాను. చివరి తొమ్మిదేళ్ళు మండల ఆఫీసులో ఉన్నాను. ఆ కుర్చీ ఎలా వచ్చింది, ఏ ఫైలు ఎటు పోయింది అనే కబుర్లు ఎవరికీ పనికిరావు. ఒక్క ఊరి సంగతి మాత్రం చెబుతాను. నాకు ఆ ఉద్యోగం నేర్పింది ఆ ఊరే.

జాబితా

ప్రతి జూన్‌లో బడులు తెరవగానే హెడ్మాస్టర్లు ఒక జాబితా పంపుతారు. ఏ ఊరి పిల్లలు ఏ బడికి వస్తున్నారు, ఎంత దూరం నుంచి వస్తున్నారు అన్నది అందులో ఉంటుంది. చిన్న బడి కిలోమీటరు లోపు, ఎనిమిదో తరగతి దాకా మూడు కిలోమీటర్ల లోపు, హైస్కూలు అయిదు కిలోమీటర్ల లోపు ఉండాలని నిబంధన. అంతకన్నా దూరమైతే పిల్లలు బడికి వచ్చే ఏర్పాటు మేము చూడాలి. బస్సు ఉంటే బస్సు, లేకపోతే ఆటో.

దూరం ఇదివరకు హెడ్మాస్టరు నోటి లెక్క. తరవాత ఫోన్లో యాప్ వచ్చింది. బడి దగ్గర నిలబడి ఒక గుర్తు, ఊళ్ళో నిలబడి ఇంకో గుర్తు పెడితే చాలు, రెండిటి మధ్యా ఎంత దూరమో అదే చెప్పేస్తుంది. మాకు ప్రాణం సుఖపడింది. "మా వీధి పిల్లల పేర్లు కూడా రాయండి మేడం" అని ఎవరైనా వస్తే ఫోను చూపించి పంపేయవచ్చు. మాటపడే పని లేదు, తిరిగే పని అంతకన్నా లేదు.

తూములపాలెం కాగితం అలాగే వచ్చింది. సముద్రానికి దగ్గర్లో, పెద్ద డ్రెయిన్ గట్టున ఉన్న చిన్న పాలెం అది. చేలల్లోంచి దిగిన నీళ్ళన్నీ ఆ డ్రెయిన్‌లో పడి సముద్రంలోకి పోతాయి. పాలెంలో ఎక్కువమంది వేట మీదా, చేపల బేరం మీదా బతికేవాళ్ళే. అయిదో తరగతి దాకా బడి ఊళ్ళోనే ఉంది. ఆరు నుంచి పది దాకా డ్రెయిన్ అవతల వీరంపేట హైస్కూలుకి రావాలి. ఇవతల గట్టు మీద నిలబడితే కొబ్బరి చెట్ల సందుల్లోంచి ఆ హైస్కూలు వాటర్ ట్యాంకు కనిపిస్తుంది. దూరం రెండు కిలోమీటర్ల ఆరువందల మీటర్లని యాప్ చెప్పింది. పదకొండు మంది పిల్లల పేర్ల పక్కన 'అర్హత లేదు' అని ఉంది. నేను సంతకం పెట్టాను. ఆ పూట నా ముందు అలాంటి కాగితాలు చాలా ఉన్నాయి. తెచ్చిన టీ చల్లారేలోపు అన్నీ అయిపోయాయి.

అర్జీల రోజు

ఆగస్టులో ఒక సోమవారం, అర్జీలు తీసుకునే రోజున, ఒకామె వచ్చి నా బల్ల ముందు నిలబడింది. నలభై ఏళ్ళుంటాయి. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మాది తూములపాలెమండి. నా పేరు సత్తెమ్మండి. మా పిల్ల దుర్గ ఏడో తరగతండి. నెల్లాళ్ళయ్యిందండి, బడికెల్లట్లేదు."

"ఎందుకు పంపట్లేదమ్మా?"

"ఎలా పంపుతామండి? తాటి దుంగల వంతెన మొన్న మే నెల తుపాను వరదకి కొట్టుకుపోయింది కదండీ."

వంతెన ఉందనీ నాకు తెలియదు, పోయిందనీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టం లేక జాబితా తిరగేశాను. "మీ ఊరు రెండున్నర కిలోమీటర్లేగా సత్తెమ్మా. రోజూ అంతకన్నా దూరం నడిచే పిల్లలు ఎంతమంది లేరు?" అన్నాను.

ఆమెకి కోపం రాలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "ఏ దారంటండీ అది?"

నేను ఫోను తీసి చూపించాను. పాలెం దగ్గర ఒక చుక్క, బడి దగ్గర ఒక చుక్క, మధ్యలో తిన్నటి గీత. ఆమె వంగి చాలాసేపు చూసింది.

"ఇది నీళ్ళ మీంచి ఉందండి. మా పిల్ల కొంగ కాదు కదండీ, ఇటు లేచి అటు వాలడానికి."

పక్క బల్ల దగ్గర గుమాస్తా నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. నాకు చెవులు వేడెక్కాయి. సోషల్ టీచరుని నేను. పటంలో నదులూ కాలవలూ గుర్తించమని ఎన్ని వందల మంది పిల్లల చేత గీయించానో. నా మండలం పటంలో నీలం గీత మాత్రం నాకు కనపడలేదు.

"రేపు పొద్దున్న పిల్లలు ఎన్నింటికి బయల్దేరతారు?" అని అడిగాను.

"ఏడుంపావుకండి."

"నేనూ వస్తాను."

నమ్మలేదనుకుంటాను. "ఆయ్, అలాగేనండి" అని వెళ్ళిపోయింది.

పిల్లలతో నడక

మర్నాడు స్కూటరు సత్తెమ్మ ఇంటి ముందు పెట్టి పిల్లలతో బయల్దేరాను. పదిమంది ఉన్నారు. దుర్గ లేదు. గుమ్మంలోంచి తొంగిచూసి లోపలికి వెళ్ళిపోయింది.

మొదటి అర కిలోమీటరు బంకమట్టి గట్టు. పిల్లలు అలవాటుగా చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు. నేను విప్పకుండా నాలుగడుగులు వేసి, ఒక చెప్పు మట్టికి వదిలేసి, మళ్ళీ వెనక్కి వచ్చి తీసుకున్నాను. ఆ తరవాత రొయ్యల చెరువుల మధ్య గ్రావెల్ రోడ్డు. ప్రతి చెరువు దగ్గరా కాపలా కుక్కలున్నాయి. పిల్లలు మాటలు ఆపి, ఒకరి వెనక ఒకరు దగ్గర దగ్గరగా నడవడం మొదలుపెట్టారు. అందరికంటే చిన్నపిల్ల, ఆరో తరగతి, నా చెయ్యి పట్టుకుంది.

"మేడం, రేపు కూడా వత్తారాండీ?"

"ఎందుకే?"

"పెద్దోళ్ళుంటే కుక్కలు రావండి."

చెరువులు దాటాక, నీళ్ళని ఆపే తలుపులున్న లాకుల వంతెన వచ్చింది. డ్రెయిన్ దాటే చోటు అదొక్కటే. అక్కణ్ణుంచి తారు రోడ్డు, లారీల పక్కన నడక. బడికి చేరేసరికి తొమ్మిది దాటింది, ప్రార్థన అయిపోయింది. పంచాయతీ కార్యదర్శి గారు నన్ను మోటారు సైకిలు మీద పాలెంలో దింపితే, నా స్కూటరు మీద అదే దారిన మళ్ళీ వచ్చి మీటరు చూశాను. ఆరు కిలోమీటర్ల నాలుగువందలు.

అన్నేళ్ళ సర్వీసులో పిల్లలతో కలిసి బడికి నడవడం నాకు అదే మొదటిసారి. ఇది గొప్పకి రాయడం లేదు, సిగ్గుపడి రాస్తున్నాను. కొత్తగా చేరినవాళ్ళకి నా మొదటి సలహా ఇదే. సంతకం పెట్టే ముందు ఒక్కసారి ఆ దారిన నడవండి. వానాకాలంలో, బడి వేళకి, పిల్లలతో నడవండి. ఎండాకాలంలో జీపులో వెళ్ళి చూస్తే ఏమీ తెలియదు.

డిప్యూటీ గారు

కాకినాడలో మా పై అధికారిని అందరం డిప్యూటీ గారనే అనేవాళ్ళం. ఆయనంటే మాకు భయం. కామా తప్పు పడినా కాగితం వెనక్కి పంపేవారు. యాప్ లెక్క తప్పని, తూములపాలెం విషయంలో నిబంధన సడలించాలని రెండు పేజీలు రాసుకుని వెళ్ళాను. మొదటి పేజీ చదివి పక్కన పెట్టారు.

"యాప్ తప్పని రాయకండమ్మా. మీరు అడిగినదానికి అది సరిగ్గానే చెప్పింది. మీరు అడగాల్సింది అడగలేదు."

ఆయన రెండో పేజీ తిరగేశారు.

"నిబంధన సడలించమనీ రాయకండి. ఎవరూ సడలించరు. ఉత్తర్వులో రెండో పేరా చదివారా?"

చదవలేదు. మొదటి పేరాలో కిలోమీటర్లు ఉన్నాయి. అంకెలు దొరకగానే చదవడం ఆపేశాను. నాలాగే మండలాల్లో చాలామంది ఆపేసి ఉంటారు. ఆయన అలమారలోంచి ఉత్తర్వు తీసి, రెండో పేరా మీద వేలు పెట్టి నా వైపు తిప్పారు. వరదలు వచ్చే చోట, సరైన దారి లేని చోట, దారిలో పిల్లలకి ప్రమాదం ఉన్న చోట ఆ దూరాలు అలాగే పట్టుకుని కూర్చోకూడదని అందులో స్పష్టంగా ఉంది.

"నడిచే దారి కొలిచి రాయండి. హెడ్మాస్టరు సంతకం, పంచాయతీ కార్యదర్శి సంతకం పెట్టించండి. వంతెన లేదని ఫొటో పెట్టండి. సడలింపు అడక్కండి, నిబంధన అమలు చేయమని అడగండి."

పదిహేను రోజుల్లో పదకొండు పేర్లకీ అర్హత వచ్చింది. అంతకాలం ఆయన్ని చాదస్తపు మనిషి అనుకున్నాను. నిబంధనని పూర్తిగా చదివేవాళ్ళే పేదవాళ్ళకి ఎక్కువ ఉపయోగపడతారని ఆయన దగ్గర నేర్చుకున్నాను. 'పాపం' అని నిట్టూర్చి కాగితం పక్కన పెట్టే మంచివాళ్ళ దగ్గర కూడా పనిచేశాను. వాళ్ళవల్ల ఒక్క పిల్ల కూడా బస్సెక్కలేదు.

బస్సు తిరిగే చోటు

అర్హత వచ్చింది గానీ బస్సు రాలేదు. వీరంపేట వచ్చే బస్సు లాకుల వంతెన దగ్గరికి తొమ్మిదీ ఇరవైకి వస్తుంది. తొమ్మిదింటి బడికి అది దేనికి? డిపోకి వెళ్ళి అక్కడి కంట్రోలర్ సూర్యనారాయణ గారిని కలిశాను. రిటైరవడానికి దగ్గర్లో ఉన్న పెద్దమనిషి. నా మాటలన్నీ విని అన్నారు:

"టైము ముందుకి జరపచ్చండి. లాకుల దగ్గర్నుంచి చెరువుల రోడ్డులోకీ పంపచ్చండి. బస్సు రావడం కష్టం కాదండి మేడం గారూ, తిరగడమే కష్టం. ఆ సన్నటి రోడ్డులో డ్రైవరు వెనక్కి నడుపుకుంటూ రాలేడు కదండీ."

మర్నాడు ఆయనే చూడ్డానికి వచ్చారు. చెరువుల రోడ్డు చివర, పాలెం గట్టు మొదలయ్యే చోట, కొంచెం విశాలమైన జాగా ఉంది. అది చెరువుల యజమాని సుబ్బారావు గారిది. ఆయన ఒప్పుకోలేదు.

"ఏమనుకోకండి మేడం గారూ. బస్సు బరువుకి నా చెరువు గట్టు కుంగిపోద్దండి. పంట మీదున్న చెరువండి."

నేను పిల్లల చదువు గురించి చెప్పడం మొదలుపెట్టాను. సత్తెమ్మ నా వెనకే ఉంది గానీ ఏమీ మాట్లాడలేదు, ఆ చెరువుల్లో పనికి వెళ్ళే మనిషి. సూర్యనారాయణ గారు మాత్రం మా మాటలు వినకుండా నేల వైపు చూస్తూ అటూ ఇటూ తిరిగారు. కాసేపటికి వచ్చి అడిగారు.

"సుబ్బారావు గారూ, మీ రొయ్యల మేత లారీ ఎక్కడ తిరుగుద్దండీ?"

సుబ్బారావు గారు ఫక్కున నవ్వేశారు. నేల మీద పెద్ద టైర్ల జాడలు అర్ధచంద్రంలా కనబడుతూనే ఉన్నాయి. "పట్టేశారండీ" అన్నారు. "సరే, పొద్దున్నోసారి, సాయంత్రమోసారి. హారను మాత్రం కొట్టద్దనండి. రొయ్య బెదురుద్ది." పాలెం వాళ్ళు రెండు రోజులు కంకర మోసి ఆ జాగా గట్టి చేశారు. మూడో రోజు సుబ్బారావు గారే రెండు ట్రాక్టర్ల కంకర పంపించారు.

బస్సు వచ్చిన రోజు పిల్లలకంటే ముందు చేపల గంపలతో ఆడవాళ్ళు ఎక్కారు. కండక్టరు ముక్కు మూసుకున్నాడు. గంపలు వెనక, పుస్తకాల సంచులు ముందు అని వాళ్ళలో వాళ్ళే ఒప్పందానికి వచ్చారు. ఆ ఏర్పాటు నేను చేసింది కాదు, ఎవరినీ అడిగింది కూడా కాదు. బస్సు కదులుతుంటే లోపలి గోల విని నాకు చాలా సంతోషమేసింది.

అప్పుడు లెక్కపెట్టాను. పదిమందే ఉన్నారు.

దుర్గ ఎందుకు రాలేదు

నేరుగా సత్తెమ్మ ఇంటికి వెళ్ళాను. సత్తెమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. "నేనేం చెయ్యనండి, బస్సొచ్చిందన్నా కదలట్లేదు" అంది. దుర్గ లోపల గోడకి ఆనుకుని నిలబడింది. బస్సు వస్తే పిల్ల వస్తుందని నేను ఒక్క క్షణం కూడా అనుమానపడలేదు. ఆ పిల్లని అసలు విషయం అడగాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

"బస్సంటే భయమా?"

తల అడ్డంగా ఊపింది.

"మరి?"

నేల చూస్తూ చెప్పింది. "గేటు బయట నిలబెట్టేత్తారండి."

నడిచి వచ్చిన రోజుల్లో రోజూ ఆలస్యమే. ఆలస్యంగా వచ్చినవాళ్ళు మొదటి పీరియడ్ అయ్యేదాకా గేటు బయట నిలబడాలని ఆ బడిలో పద్ధతి. నేను వెంట ఉన్న రోజున మాత్రం ఎవరినీ ఆపలేదు. తోటి పిల్లలు సర్దుకున్నారు. దుర్గ క్లాసులో బాగా చదివే పిల్ల, మొదటి పీరియడ్ లెక్కలు. లోపల లెక్కలు చెబుతుంటే బయట నిలబడి వినీ వినపడక, దారిన పోయేవాళ్ళు చూస్తుంటే తల దించుకుని, మూడు వారాలు ఓర్చుకుని మానేసింది. ఇంట్లో దూరం అని చెప్పింది. సగం నిజమే.

ఆ పద్ధతి కొత్తది కాదు. టీచరుగా ఉన్నప్పుడు నేనూ అలాగే చేశాను. క్రమశిక్షణ అనుకున్నాను. నేను నిలబెట్టిన పిల్లలు ఎంత దూరం నుంచి వచ్చారో ఒక్కరినీ అడిగిన గుర్తు లేదు.

ఆ మాట దుర్గతో అన్నాను. "నేనూ అలా నిలబెట్టానే. తప్పు చేశాను. ఇక ఆ బళ్ళో ఎవరూ నిలబెట్టరు." అధికారి తప్పు ఒప్పుకోవడం ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు కాబోలు, నా మొహంలోకి మొదటిసారి తిన్నగా చూసింది. వీరంపేట హెడ్మాస్టరు గారితో మాట్లాడితే ఆయన వాదించలేదు. "ఈ సంగతి మాకూ తట్టలేదండి" అన్నారు. లెక్కల మాస్టారు పోయిన పాఠాలు సాయంత్రాలు చెబుతానన్నారు. రెండు రోజుల తరవాత దుర్గ బస్సెక్కింది. కండక్టరు ఫోన్ చేసి, "పదకొండండి మేడం గారూ" అని చెప్పాడు.

తిరగబడిన మంచితనం

అంతా సరిగ్గా చేశానని అనుకోకండి. తూములపాలెం తరవాత నాకు జాలి ఎక్కువైంది. ఇంకో ఊళ్ళో పెద్దాయన అడిగితే, దూరం సరిపోని ఒక వీధి పిల్లల్ని కూడా ఆటో జాబితాలో కలిపేశాను. నెల తరవాత అటు వెళ్తుంటే ఆ ఆటో ఎదురైంది. పిల్లలు వెనక కడ్డీ పట్టుకుని వేలాడుతున్నారు. అందులో నిజంగా దూరం నుంచి వచ్చే ఇద్దరు చిన్నపిల్లలకి చోటు చాలక ఆ రోజు ఇంటి దగ్గరే ఉండిపోయారని డ్రైవరు చెప్పాడు. అక్కడే ఆపించి, మర్నాడే ఆ వీధి పేర్లు తీసేశాను. పెద్దాయన ఆరు నెలలు మాట్లాడలేదు. అర్హత లేనివాళ్ళకి ఇస్తే అర్హులకి తగ్గిపోతుంది. ఇది పుస్తకంలో చదివితే బుర్రకెక్కదు, ఆ ఆటో వెనక నడిస్తే ఎక్కుతుంది.

వంతెన వచ్చాక

నేను రిటైరవడానికి ముందు ఏడాది జూలైలో డ్రెయిన్ మీద సిమెంటు కాలినడక వంతెన కట్టారు. పాలెం అంతా పండగ చేసుకుంది. నేను వెళ్ళి దాని మీద నడిచి చూశాను. ఈసారి అడుగులతోనే కొలిచాను. బడికి మూడు కిలోమీటర్ల లోపే. మరుసటి ఏడు జూన్‌లో జాబితా వచ్చింది. నిజాయితీగా చూస్తే తూములపాలెం పిల్లలకి బస్సు అర్హత లేదు. పేర్లు తీసేయమని పెన్సిలుతో గుర్తు పెట్టాను. ఆటో సంగతి ఇంకా మనసులో ఉంది.

ఆ వారంలోనే దుర్గ ఆఫీసుకి వచ్చింది. పదో తరగతిలోకి వచ్చింది, పొడుగైంది. వాళ్ళమ్మలా నిలబడకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా పేర్లు తీసేత్తన్నారంట కదండీ?"

"వంతెన వచ్చింది కదమ్మా. దగ్గరే ఇప్పుడు."

"దగ్గరేనండి. కాదనట్లేదండి." సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది చూడండి."

వంతెన కట్టినప్పటి నుంచి వాన పడ్డ ప్రతి రోజూ అందులో రాసి ఉంది. తేదీ, పొద్దున్న వంతెన మీద నీళ్ళు ఎంత వచ్చాయి, సాయంత్రం ఎంత ఉన్నాయి. చీలమండ దాకా. పిక్క దాకా. ఒకచోట 'మోకాలు దాటింది, కడ్డీ కనపడలేదు, ఎవరూ దాటలేదు'. పోటు ఉన్న రోజుల పక్కన చుక్క పెట్టింది.

"వంతెన ఎత్తు చాల్లేదండి. సముద్రం పోటు మీదుంటే డ్రెయిన్ నీళ్ళు కిందకి దిగవండి. వానాకాలం నాలుగు నెలలూ అంతేనండి. మిగతా నెలలు మేం నడుత్తామండి, బస్సు అక్కర్లేదు. దారిలో ప్రమాదం ఉంటే దూరం చూడక్కర్లేదని రెండో పేరాలో ఉందంట కదండీ? మా హెడ్మాస్టరు గారు చదివి చెప్పేరు."

పేజీలన్నీ తిప్పి చూశాను. అంత బాగా తయారైన దరఖాస్తు నా సర్వీసులో ఏ అధికారీ పెట్టగా చూడలేదు. డిప్యూటీ గారు చూస్తే ఒక్క కామా కూడా దిద్దేవారు కాదు.

జాబితా తీసి పెన్సిలు గుర్తులు రబ్బరుతో చెరిపేశాను. 'జూలై నుంచి అక్టోబరు దాకా అర్హులు' అని రాసి, కింద 'మొత్తం పదకొండు మంది' అని వేయబోయాను.

దుర్గ ముందుకి వంగి చూసింది. "పన్నెండండి మేడం. మా చెల్లి నిన్ననే ఆరో తరగతిలో చేరిందండి."

"పేరేంటి?"

చెప్పింది. రాశాను. స్పెల్లింగు సరిగ్గా ఉందో లేదో చూసుకుని, అప్పుడు లేచి వెళ్ళింది.